కిష్టారం గర్భిణి ఎవరి లెక్కలోకి వస్తుంది?

సుక్మా జిల్లా కోంటా బ్లాకులోని కిష్టారం పేరు జాతీయ వార్తల్లో వినిపించిన సందర్భాలు దాదాపు అన్నీ తుపాకులకు సంబంధించినవే. 2018 మార్చి 13న ఆ గ్రామ పరిసరాల్లో మావోయిస్టులు మందుపాతర పేల్చి తొమ్మిది మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లను బలిగొన్నప్పుడు దేశం ఆ పేరు విన్నది. అదే ప్రాంతంలో కాన్పు కోసం ఇల్లు విడిచిన స్త్రీ ఎటు వెళ్తుంది, దారిలోనో ఆసుపత్రిలోనో ఆమె ప్రాణం పోతే ఆ సంగతి ఏ రిజిస్టరులో నమోదవుతుంది, దానికి జవాబు చెప్పవలసినది ఎవరు అన్న ప్రశ్నలు మాత్రం వార్తలు కాలేదు.

పేరు వింటే తెలుగు ఊరే అనిపిస్తుంది. ఖమ్మం జిల్లా సత్తుపల్లి మండలంలో ఇదే పేరుతో మరో గ్రామం ఉంది కూడా. బస్తర్‌లోని కిష్టారం తెలంగాణ సరిహద్దుకు సమీపంలో, చర్ల మండలానికి ఆవలి వైపున ఉన్నది. దొర్ల, మురియా తదితర గిరిజన సమూహాలు నివసించే ఈ ప్రాంతంలో ఇంటి మాట గోండీ లేదా దొర్లీ, సంత మాట తెలుగు, ప్రభుత్వ కాగితం మాట హిందీ. బంధుత్వాలు సరిహద్దుకు ఇరువైపులా ఉన్నాయి. జిల్లా కేంద్రమైన సుక్మా ఒక దిక్కున ఉంటే, కష్టకాలంలో చాలా కుటుంబాలు చూసే దిక్కు మరొకటి: గోదావరి ఒడ్డున ఉన్న భద్రాచలం. అక్కడి ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికి ఛత్తీస్‌గఢ్ నుంచి, ఒడిశా నుంచి రోగులు రావడం ఏళ్ల తరబడి సాగుతున్నదే.

రోగికి ఆసుపత్రి ఏ రాష్ట్రంలో ఉన్నదన్నది ముఖ్యం కాదు. ప్రభుత్వాలకు మాత్రం అదే ముఖ్యం. మాతృ ఆరోగ్య సేవల్లో జవాబుదారీతనం అన్న మాటకు సరిహద్దు గ్రామాల్లో ఎదురవుతున్న అసలు చిక్కు ఇక్కడ మొదలవుతుంది.

మాటకు అర్థం

తెలుగు కార్యాలయ భాషలో జవాబుదారీతనం అనగానే 'బాధ్యులపై చర్యలు' అన్న పదబంధమే స్ఫురిస్తుంది. దుర్ఘటన జరుగుతుంది, విచారణ కమిటీ వేస్తారు, ఒకరిద్దరిని సస్పెండ్ చేస్తారు, అంతటితో జవాబు చెప్పినట్లు భావిస్తారు. పదంలో ఉన్నది మాత్రం 'జవాబు'. ప్రశ్న అడిగే హక్కు ఒకరికి, జవాబు చెప్పవలసిన విధి మరొకరికి ఉంటే తప్ప ఆ పదానికి సార్థకత లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో, అప్పటి టాంజానియా అధ్యక్షుడు జకాయా కిక్వెటే, కెనడా ప్రధాని స్టీఫెన్ హార్పర్ సహాధ్యక్షులుగా మహిళల, శిశువుల ఆరోగ్యంపై ఏర్పాటైన కమిషన్ 2011లో ఇచ్చిన నివేదిక జవాబుదారీతనాన్ని ఒక చక్రంగా వర్ణించింది. ముందు ఏమి జరుగుతున్నదో లెక్కించాలి. తర్వాత ఆ లెక్కను సమీక్షించాలి. సమీక్షలో తేలిన లోపాన్ని సరిదిద్దాలి. సరిదిద్దిన ఫలితాన్ని మళ్లీ లెక్కించాలి. ఈ చక్రంలో ఏ ఒక్క ఆకు విరిగినా బండి కదలదు. కిష్టారం వంటి చోట విరుగుతున్నది మొదటి ఆకే.

ఒకే స్త్రీ, మూడు లెక్కలు

జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం జననమైనా, మరణమైనా సంఘటన జరిగిన చోటనే నమోదు కావాలి. కిష్టారం స్త్రీ భద్రాచలంలో ప్రసవిస్తే బిడ్డ పుట్టుక భద్రాచలంలోనే నమోదవుతుంది. తల్లి అక్కడ మరణిస్తే మరణ ధ్రువపత్రం కూడా అక్కడిదే.

రెండవది ఆరోగ్య శాఖ నెలవారీ సమాచార వ్యవస్థ. అది ఆసుపత్రిలో అందిన సేవలను లెక్కిస్తుంది. కాబట్టి ఆ ప్రసవం భద్రాద్రి కొత్తగూడెం జిల్లా పద్దులో చేరుతుంది. సుక్మా పద్దులో ఆసుపత్రి ప్రసవం ఒకటి తగ్గుతుంది. తల్లి మరణిస్తే ఆ మరణమూ సుక్మా పద్దులో కనిపించదు. ఒక జిల్లా పనితీరు ఉన్నదానికంటే అధ్వానంగా కనిపించవచ్చు, లేదా ఉన్నదానికంటే మెరుగ్గానూ కనిపించవచ్చు. రెండింటిలో ఏది నిజమో పద్దు చూసి చెప్పడం అసాధ్యం.

మూడవది దేశంలో మాతృ మరణాల నిష్పత్తిని తేల్చే నమూనా నమోదు వ్యవస్థ, వాడుకలో ఎస్‌ఆర్‌ఎస్. ఇది ఎంపిక చేసిన నమూనా ప్రాంతాల్లో నివసించే కుటుంబాలను ఆధారం చేసుకుంటుంది. 2018-20 కాలానికి ఈ వ్యవస్థ ఇచ్చిన అంచనా ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశ సగటున 97 మంది తల్లులు మరణించారు. తెలంగాణలో ఈ సంఖ్య 43, ఆంధ్రప్రదేశ్‌లో 45, ఛత్తీస్‌గఢ్‌లో 137. సరిహద్దు గీతకు ఇవతలి నుంచి అవతలికి వెళితే తల్లికి ముప్పు మూడు రెట్లకు మించి పెరుగుతున్నదన్న మాట. అయితే ఎస్‌ఆర్‌ఎస్ నమూనా రాష్ట్ర స్థాయి అంచనాకు సరిపోతుంది. జిల్లాకు, బ్లాకుకు అది ఏమీ చెప్పదు. కిష్టారం పరిస్థితి ఆ 137లో కలిసిపోయి ఉన్నది. రాయ్‌పుర్ పరిస్థితి కూడా అందులోనే ఉన్నది.

నిర్వచనం కూడా గమనించవలసినదే. గర్భం ధరించిన నాటి నుంచి, గర్భం ముగిసిన తర్వాత 42 రోజుల లోపు, గర్భం కారణంగా గాని, గర్భం వల్ల తీవ్రమైన మరో జబ్బు కారణంగా గాని సంభవించిన మరణాన్ని మాతృ మరణం అంటారు. ప్రమాదాలు ఇందులోకి రావు. రక్తస్రావంతో ప్రసవ గదిలో సంభవించిన మరణం ఎవరి కంటికైనా కనిపిస్తుంది. కాన్పు అయి, ఆసుపత్రి నుంచి ఇంటికి చేరి, నెల తిరగకముందే మలేరియాతో కన్నుమూసిన బాలింత మరణం కూడా నిర్వచనం ప్రకారం మాతృ మరణం కావచ్చు. ఇంట్లో అది 'జ్వరం వచ్చి పోయింది' అన్న మాటతో ముగుస్తుంది. మలేరియా, రక్తహీనత, సికిల్ సెల్ వ్యాధి ఉన్న బస్తర్‌లో ఈ రెండో రకం మరణాలను అడిగి తెలుసుకుంటే తప్ప తెలియదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020లో 'మలేరియా రహిత బస్తర్' పేరిట ఇంటింటి పరీక్షలు చేపట్టిందంటే సమస్య తీవ్రతను అంచనా వేయవచ్చు.

ఎనిమిది మరణాల లెక్క

ఇక్కడ చిన్న గణితం ఉపయోగపడుతుంది. 2011 జనగణన నాటికి నేటి సుక్మా జిల్లా పరిధిలో జనాభా సుమారు రెండున్నర లక్షలు. ఏటా ఆరు వేల జననాలు జరుగుతాయని అనుకొని, రాష్ట్ర సగటు 137ను వర్తింపజేస్తే ఏడాదికి ఎనిమిది మాతృ మరణాలు సంభవించాలి. వాస్తవ సంఖ్య ఇంతకు రెట్టింపు ఉన్నా పదహారు. ఇది గణాంక శాస్త్రానికి చాలా చిన్న సంఖ్య, పరిపాలనకు మాత్రం చాలా అనువైన సంఖ్య. ఒక జిల్లా కలెక్టర్ ఏడాదిలో ఎనిమిది లేదా పదహారు మంది స్త్రీల చివరి రోజుల కథలను ఒక్కొక్కటిగా చదవగలరు. సగటులు తెలియకపోయినా కారణాలు తెలుస్తాయి.

ఈ ఆలోచనతోనే కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2010లో మాతృ మరణాల సమీక్షకు మార్గదర్శకాలు జారీ చేసింది. 2017లో వాటిని సవరించి నిఘా, ప్రతిస్పందన అన్న రెండు అంశాలను జోడించింది. 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు స్త్రీ ఏ కారణంతో మరణించినా గ్రామంలోని ఆశా కార్యకర్త సమాచారం ఇవ్వాలి. అది మాతృ మరణమేనా అని ఆరోగ్య సిబ్బంది నిర్ధారించాలి. ఆ తర్వాత ఇంటికి వెళ్లి కుటుంబ సభ్యులతో మాట్లాడి, మొదటి నొప్పి నుంచి చివరి శ్వాస వరకు ఏమి జరిగిందో నమోదు చేయాలి. ఆసుపత్రిలో జరిగిన మరణమైతే ఆసుపత్రిలోనూ సమీక్ష జరగాలి. జిల్లా కమిటీ వీటిని పరిశీలించాలి. కలెక్టర్ అధ్యక్షతన జరిగే సమీక్షకు మృతురాలి బంధువులను పిలిచి వారి మాట వినాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో భార్యను పోగొట్టుకున్న కూలీ మనిషి కలెక్టర్ ఎదుట కూర్చొని, ఫలానా గంటకు అంబులెన్సుకు ఫోను చేశాము, ఫలానా గంటకు వచ్చింది అని చెప్పే అవకాశం కాగితం మీదనైనా ఉన్న ప్రభుత్వ ప్రక్రియలు అరుదు.

2019 అక్టోబరులో మొదలైన 'సుమన్' కార్యక్రమం మాతృ మరణం సంగతిని తొలిగా తెలియజేసిన వ్యక్తికి 1,000 రూపాయల ప్రోత్సాహకం కూడా ప్రకటించింది. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చిన గర్భిణికి సేవ నిరాకరించడాన్ని ఏమాత్రం సహించరాదన్నది ఆ కార్యక్రమం ప్రకటిత సూత్రం.

సమీక్షకు మరో సూత్రం ఉన్నది: ఎవరినీ నిందించరాదు, ఎవరినీ అవమానించరాదు. వినడానికి ఇది జవాబుదారీతనానికి విరుద్ధంగా తోస్తుంది. కాని నిజం చెబితే ఉద్యోగం పోతుందన్న భయం ఉన్న చోట నర్సు నిజం చెప్పదు, వైద్యుడు కేస్ షీటు దిద్దుతాడు, ఆశా కార్యకర్త అసలు సమాచారమే ఇవ్వదు. బ్రిటన్ 1952 నుంచి మాతృ మరణాలపై గోప్యంగా విచారణలు నిర్వహిస్తూ వచ్చింది. కేరళలో ప్రసూతి వైద్య నిపుణుల సమాఖ్య 2004లో అదే పద్ధతిని ఆరంభించి, వైద్యుల పేర్లు, ఆసుపత్రుల పేర్లు లేకుండా మరణాలను విశ్లేషించింది. అధిక రక్తస్రావం, రక్తపోటు వంటి కారణాలు పదే పదే కనిపించడంతో వాటిని ఎదుర్కొనే ప్రమాణాలను రూపొందించింది. 2018-20లో కేరళ మాతృ మరణాల నిష్పత్తి 19, దేశంలోకెల్లా తక్కువ.

నేర స్వభావం గల నిర్లక్ష్యానికి పోలీసు కేసు, న్యాయస్థానం వేరే మార్గాలు. సమీక్ష పని శిక్షించడం కాదు, తెలుసుకోవడం. ఈ రెండింటినీ కలగాపులగం చేసిన చోట రెండూ జరగవు.

ఏ భాషలో అడుగుతారు?

ఇంటింటి సమీక్షలో వాడేది ప్రశ్నావళి. ఛత్తీస్‌గఢ్ అధికార వ్యవహారం హిందీలో సాగుతుంది. భద్రాచలంలో ఇచ్చే ఆసుపత్రి చీటీ ఇంగ్లిషులోనో తెలుగులోనో ఉంటుంది. ప్రశ్నకు జవాబు చెప్పవలసిన అత్త లేదా భర్త మాట్లాడేది గోండీ లేదా దొర్లీ. 'ఎన్ని గంటలకు రక్తస్రావం మొదలైంది' అన్న ప్రశ్న గడియారం లేని ఇంట్లో 'కోడి కూసినప్పుడా, పశువులు ఇంటికి వచ్చినప్పుడా' అన్న రూపం దాలిస్తే తప్ప దానికి జవాబు రాదు. మొదటి నొప్పికీ ఆసుపత్రి గుమ్మానికీ మధ్య ఎన్ని గంటలు గడిచాయన్నదే ఈ సమీక్షకు ప్రాణం. 1994లో అమెరికన్ పరిశోధకులు సెరీన్ థాడియస్, డెబొరా మెయిన్ ప్రతిపాదించిన 'మూడు జాప్యాల' చట్రం ప్రపంచమంతటా వాడుకలో ఉన్నది: ఆసుపత్రికి వెళ్లాలని నిర్ణయించుకోవడంలో జాప్యం, చేరుకోవడంలో జాప్యం, చేరుకున్నాక వైద్యం అందడంలో జాప్యం. గంటల లెక్క తప్పితే ఆలస్యం ఎక్కడ జరిగిందన్నదీ తప్పుతుంది. సాధారణంగా ఆ తప్పు మొదటి జాప్యం వైపే మొగ్గుతుంది. గిరిజనులు ఆసుపత్రికి రారు అన్న వాక్యంతో దస్త్రం మూసివేయడం తేలిక మరి.

ఈ భాషా సమస్యకు ఛత్తీస్‌గఢ్ దగ్గర ఒక మంచి పరిష్కారం మొదటి నుంచీ ఉన్నది. దేశంలో ఆశా వ్యవస్థ 2005లో మొదలు కాగా, ఆ రాష్ట్రం 2002లోనే 'మితానిన్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. మితానిన్ అంటే ఛత్తీస్‌గఢీలో ప్రమాణపూర్వకంగా కలుపుకున్న నెచ్చెలి. ఊరికి ఒకరు కాక, ప్రతి వాడకు ఒకరిని ఆ వాడవారే ఎంచుకోవడం దీని ప్రత్యేకత. గూడెంలోని స్త్రీ మరణాన్ని ముందుగా తెలుసుకోగలిగినదీ, ఇంటి మాటలో అడగగలిగినదీ ఆమె ఒక్కరే. కాని ఆసుపత్రి సరిహద్దు అవతల ఉంటే ఆమె మాటకు అక్కడ అధికారిక విలువ లేదు. అక్కడి కాగితం ఆమెకు చదవ రాదు.

డబ్బు సరిహద్దు దాటుతుందా?

కేంద్రం 2011 జూన్ 1న ప్రారంభించిన జననీ శిశు సురక్షా కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రసవించే ప్రతి స్త్రీకి ప్రసవం, సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, భోజనం ఉచితం. ఇంటి నుంచి ఆసుపత్రికి, అవసరమైతే మరో ఆసుపత్రికి, తిరిగి ఇంటికి వాహనం కూడా ఉచితమే. ఇందులో ఏ రాష్ట్రం స్త్రీ అన్న ప్రశ్న లేదు.

నగదు పథకాల సంగతి వేరు. 2005లో వచ్చిన జననీ సురక్షా యోజనలో ఛత్తీస్‌గఢ్ వంటి వెనుకబడిన రాష్ట్రాల్లో గ్రామీణ తల్లికి 1,400 రూపాయలు, తెలంగాణ వంటి రాష్ట్రాల్లో అర్హులైన గ్రామీణ తల్లికి 700 రూపాయలు నిర్ణయించారు. తెలంగాణలో 2017లో మొదలైన కేసీఆర్ కిట్ పథకం మగబిడ్డ పుడితే 12,000, ఆడబిడ్డ పుడితే 13,000 రూపాయలు విడతలుగా ఇచ్చేందుకు ఉద్దేశించినది. అది ఆ రాష్ట్ర నివాసులకే పరిమితమైంది. రాష్ట్ర ప్రభుత్వ నిధులతో నడిచే పథకానికి అటువంటి షరతు పెట్టడంలో అసహజమేమీ లేదు. అయితే ఒకే ప్రసూతి వార్డులో పక్క పక్క మంచాలపై ఉన్న ఇద్దరు కోయ స్త్రీలలో ఒకరికి కిట్టు, మరొకరికి రిక్తహస్తం అన్నది ఆ వార్డులో కనిపించిన దృశ్యం.

ఈ సమస్యపై న్యాయస్థానం ఇదివరకే మాట్లాడింది. లక్ష్మీ మండల్ కేసులో 2010 జూన్ 4న ఢిల్లీ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎస్. మురళీధర్ ఇచ్చిన తీర్పు మాతృ మరణాన్ని మానవ హక్కుల ఉల్లంఘనగా పరిగణించిన తొలి భారతీయ తీర్పులలో ఒకటి. సరైన వైద్యం అందక ప్రసవానంతరం మరణించిన ఒక నిరుపేద స్త్రీ, చెట్టు కింద బిడ్డను కన్న మరో నిరాశ్రయ స్త్రీ ఆ కేసుకు ఆధారం. పేదలు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి వెళ్లినప్పుడు పథకాల ప్రయోజనం వారితో పాటు వెళ్లాలని, అర్హత రుజువు చేసుకునే భారాన్ని పదే పదే వారిపైనే మోపరాదని న్యాయస్థానం అభిప్రాయపడింది. మృతురాలి విషయంలో మాతృ మరణ సమీక్షను కూడా పరిగణనలోకి తీసుకున్నది. ఆ కేసులోని స్త్రీలు వలస కూలీ కుటుంబాలవారు. కిష్టారం స్త్రీ వలస వెళ్లినది కాదు, దగ్గరి ఆసుపత్రికి వెళ్లినది మాత్రమే. ఆమె పక్షాన వాదన ఇంకా బలమైనదే అవుతుంది.

శిబిరాలు నేర్పిన పాఠం

ప్రసవంతోనే పునరుత్పత్తి ఆరోగ్యం ముగియదు. ఛత్తీస్‌గఢ్ పేరు ఈ విషయంలో ప్రపంచ వార్తలకెక్కినది 2014 నవంబరు 8న. బిలాస్‌పుర్ జిల్లాలో మూసి ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రి భవనంలో ఒకే శస్త్రవైద్యుడు, ఒకే లాపరోస్కోపుతో, కొద్ది గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశారు. మూడు లాపరోస్కోపులు ఉన్న బృందం సైతం రోజుకు 30 శస్త్రచికిత్సలకు మించరాదన్నది అప్పటికే ఉన్న ప్రభుత్వ ప్రమాణం. ఆ శిబిరం, ఆ వెంటనే ఆ జిల్లాలోనే జరిగిన మరికొన్ని శిబిరాల అనంతరం కనీసం 13 మంది మరణించారు. తర్వాత పంచిన మాత్రలే కారణమా, శస్త్రచికిత్సలో సోకిన ఇన్ఫెక్షనా అన్న వాదం ఏళ్ల తరబడి సాగింది. మాత్రలది తప్పని తేలినా, ఇన్ఫెక్షన్‌ది తప్పని తేలినా, ఆ రోజు 31వ స్త్రీని బల్ల ఎక్కించినది ఎవరన్న ప్రశ్న అలాగే ఉండేది.

తెలుగు పాఠకులకు ఇది దూరపు కథ కాదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకే రోజు 34 మందికి ఇటువంటి శస్త్రచికిత్సలు జరిగాయి. ఇన్ఫెక్షన్ సోకి నలుగురు మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం విచారణ జరిపించి 13 మందిపై చర్యలు తీసుకున్నది. కుటుంబాలకు పరిహారం ప్రకటించింది. బిలాస్‌పుర్ తర్వాత ఎనిమిదేళ్లకు, ఛత్తీస్‌గఢ్ కన్నా ఎంతో మెరుగైన వైద్య వ్యవస్థ ఉన్న రాష్ట్రంలో, రాజధానికి కూతవేటు దూరంలో ఇది జరగడం గమనార్హం.

ఈ రెండు ఘటనల మధ్య కాలంలో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి వెలువడింది. బిహార్‌లోని అరరియా జిల్లాలో 2012 జనవరిలో ఒక శిబిరంలో రెండు గంటల్లో 53 మంది స్త్రీలకు శస్త్రచికిత్సలు చేసిన తీరుపై దేవికా విశ్వాస్ వేసిన వ్యాజ్యంలో జస్టిస్ మదన్ బి. లోకూర్, జస్టిస్ ఉదయ్ ఉమేశ్ లలిత్ ధర్మాసనం 2016 సెప్టెంబరు 14న తీర్పు చెప్పింది. మూడేళ్లలో శిబిరాల పద్ధతికి స్వస్తి చెప్పి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను బలోపేతం చేయాలని ఆదేశించింది. పరిహారం కోరుతూ వచ్చిన దరఖాస్తులు, మరణాల వివరాలు బహిరంగంగా ఉంచాలని చెప్పింది. వీటన్నింటిలో కిష్టారానికి అతి సన్నిహితమైన ఆదేశం మరొకటి: శస్త్రచికిత్స పర్యవసానాలను స్త్రీకి అర్థమయ్యే భాషలో వివరించాలి, ఆ తర్వాత ఆలోచించుకోవడానికి సుమారు గంట సమయం ఇచ్చి అప్పుడే సంతకం తీసుకోవాలి. గోండీలో వివరించగలిగిన మనిషి ఆసుపత్రిలో లేకపోతే, ఈ తీర్పు ప్రకారం ఆ సంతకానికి విలువ ఎంత అన్నది న్యాయపరమైన ప్రశ్న.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదవ విడత, అనగా 2019-21 లెక్కల ప్రకారం వివాహిత స్త్రీలలో శస్త్రచికిత్స చేయించుకున్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 69.6 శాతం, తెలంగాణలో 61.9 శాతం, ఛత్తీస్‌గఢ్‌లో 47.4 శాతం. పురుషుల శస్త్రచికిత్స దేశ సగటు 0.3 శాతం. భారం ఎవరిపై ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇందుకు పూర్తిగా వ్యతిరేక దిశలో మరో అన్యాయం కూడా బస్తర్‌లో సాగింది. అబూజ్‌మాడియా, బైగా తదితర ఆదిమ సమూహాల జనాభా తగ్గిపోతున్నదన్న ఆందోళనతో అప్పటి మధ్యప్రదేశ్ ప్రభుత్వం 1979లో ఒక ఉత్తర్వు జారీ చేసి, వారికి ఈ శస్త్రచికిత్సను నిషేధించింది. కోరుకున్న స్త్రీకి సైతం నాలుగు దశాబ్దాలు ఆ తలుపు మూసే ఉన్నది. ఛత్తీస్‌గఢ్ హైకోర్టు 2018లో ఆ నిషేధాన్ని తొలగించింది. బిలాస్‌పుర్‌లో స్త్రీని లక్ష్య సంఖ్యగా చూశారు, ఇక్కడ జాతి సంఖ్యగా చూశారు. రెండు చోట్లా ఆమెను అడగలేదు.

అతి తక్కువ, అతి ఎక్కువ

తెలంగాణ వైపు లెక్కలు మెరుగ్గా ఉన్నాయన్నది నిజం. అయినా అక్కడి వ్యవస్థకూ జవాబు చెప్పవలసిన విషయం ఉన్నది. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం ప్రసవాలు సిజేరియన్లు, దేశంలో అత్యధికం. ఛత్తీస్‌గఢ్‌లో 15.2 శాతం. ఒకవైపు అవసరమైన స్త్రీకి కత్తి అందడం లేదు, మరోవైపు అవసరం లేని స్త్రీపై అది పడుతున్నది. సిజేరియన్ అయిన స్త్రీ నగరంలో ఉంటే మరుసటి కాన్పుకు పెద్ద ఆసుపత్రి అందుబాటులో ఉంటుంది. అడవిలోని గూడేనికి తిరిగి వెళ్లే స్త్రీకి గర్భాశయంపై ఉన్న కుట్టు మరుసటి గర్భంలో కొత్త ముప్పు. దీన్ని తగ్గించే ఉద్దేశంతో తెలంగాణ 2017లో యూనిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ సంస్థ సహకారంతో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది.

రోడ్డు వచ్చిన తర్వాత

కొన్నేళ్లుగా సుక్మా దక్షిణ భాగంలో భద్రతా శిబిరాలు, వాటి వెంట రోడ్లు వచ్చాయి. శిబిరాల చుట్టుపక్కల గ్రామాలకు ప్రభుత్వ సేవలు చేర్చేందుకు ఛత్తీస్‌గఢ్ 2024లో 'నియద్ నెల్లానార్' పథకాన్ని ప్రకటించింది. గోండీలో దాని అర్థం 'నీ మంచి ఊరు'. గోండీ 'నార్', తెలుగు 'నాడు' ఒకే ద్రావిడ ధాతువు నుంచి వచ్చినవని భాషావేత్తలు చెబుతారు. ప్రభుత్వ పథకానికి గిరిజన భాషలో పేరు పెట్టడం మంచిదే. సమ్మతి పత్రం, సమీక్ష ప్రశ్నావళి కూడా ఆ భాషలోకి వస్తే ఇంకా మంచిది. ఇదే జిల్లాలో, ఒకప్పుడు సంఘర్షణకు మారుపేరైన చింతగుఫాలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం జాతీయ నాణ్యతా ప్రమాణాల ధ్రువపత్రం పొందింది. చేయదలిస్తే అక్కడ కూడా సాధ్యమేనన్నదానికి అది రుజువు. గిరిజన ప్రాంతాల్లో 3,000 జనాభాకు ఉపకేంద్రం, 20,000కు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 80,000కు సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దేశవ్యాప్త ప్రమాణం. భవనం కట్టడంతో ఆ ప్రమాణం తీరదు. వర్షాకాలం అర్ధరాత్రి అందులో ఎవరున్నారన్నది అసలు ప్రశ్న.

2005లో సల్వా జుడుం మొదలైన తర్వాత వేలాది మంది ఇళ్లు విడిచి గోదావరి ప్రాంతపు అడవుల్లోకి వచ్చినప్పుడు, అంతర్జాతీయ సంస్థ డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ భద్రాచలం కేంద్రంగా సరిహద్దుకు రెండు వైపులా సంచార వైద్యశాలలు నడిపింది. సంస్థ పేరుకు తగినట్లే దానికి సరిహద్దు అడ్డం రాలేదు. రెండు ప్రభుత్వాలకు అది అడ్డం వస్తున్నది, ఎందుకంటే ప్రతి ప్రభుత్వానికీ తన పద్దు తనదే.

మాతృ మరణాల సమీక్ష మార్గదర్శకాల్లో దీనికి దారి ఇప్పటికే ఉన్నది. మరణించిన స్త్రీ వేరే జిల్లా నివాసి అయితే, ఆసుపత్రి ఉన్న జిల్లా ఆ సమాచారాన్ని ఆమె నివాస జిల్లాకు పంపాలి. ఇంటి వద్ద జరిపే సమీక్ష బాధ్యత నివాస జిల్లాది. కొత్త చట్టం అవసరం లేదు, కొత్త పథకం అవసరం లేదు. కావలసినవి మూడు చిన్న పనులు. భద్రాచలం ప్రసూతి వార్డు రిజిస్టరులో రోగి శాశ్వత నివాస గ్రామం, బ్లాకు పేర్లను స్పష్టంగా రాయడం. నెలకు ఒకసారి ఆ వార్డులోని ఛత్తీస్‌గఢ్ ప్రసవాల, మరణాల జాబితాను సుక్మా జిల్లా వైద్యాధికారికి పంపడం. ఆ జాబితాను కోంటా బ్లాకు నుంచి ఆయా వాడల మితానిన్‌లకు చేర్చి, 42వ రోజు వరకు బాలింత ఇంటికి ఎవరు వెళ్లారో తిరిగి రాయించడం.

జాబితా పంపారా లేదా అన్నది నెలాఖరుకు ఎవరైనా అడగవచ్చు. సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు చాలు, రుసుము పది రూపాయలు. భద్రాద్రి కొత్తగూడెం, సుక్మా రెండు జిల్లాల కార్యాలయాల్లోనూ ఆ దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.